వెబ్‌సైట్ ఆలోచన నలుగురికి చెప్పేముందు ఎలా కాపాడుకోవాలి? (టెంట్ హౌస్ బుకింగ్ సైట్)

కరీంనగర్_వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. టెంట్ హౌస్ సామాను, అంటే షామియానాలు, కుర్చీలు, గుండిగలు, స్టేజీ, జనరేటర్, ఊరూ తేదీ పెట్టి ఆన్‌లైన్లో బుక్ చేసుకునే సైట్ చేయిద్దామనుకుంటున్నాను. ముందు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి జిల్లాలకే. ఒకే ముహూర్తానికి ఊళ్లో పది పెళ్ళిళ్ళు పడితే ఏ ఒక్కరి దగ్గరా సామాను చాలదు. దానికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది, అది మాత్రం ఇక్కడ రాయట్లేదు.

నాకు కోడింగ్ రాదు. వచ్చే వారం ఒక ఫ్రీలాన్స్ డెవలపర్‌ని కలవాలి. తర్వాత పదిమంది టెంట్ హౌస్ ఓనర్లను, ఆ తర్వాత డబ్బు పెడతానన్న ఒకాయనను. ఐడియాకి పేటెంటో కాపీరైటో తీసుకోవచ్చా? నెట్లో పదమూడు పేజీల ఇంగ్లిష్ ఎన్‌డీఏ (రహస్యం బయటపెట్టనని రాసుకునే ఒప్పందం) దొరికింది, అది పనికొస్తుందా? అంతా రాసి కవర్లో పెట్టి నా అడ్రసుకే స్పీడ్ పోస్టు చేసుకుని, విప్పకుండా దాచుకోమని ఒకరు చెప్పారు. డెవలపర్ ఖర్చు కాకుండా పాతిక వేల దాకా పెట్టగలను.

చట్టం_మాట జవాబు:

మీరు ఆ పద్ధతిని ఇక్కడ రాయకపోవడం మంచి పని. మిగతాదంతా రాసేశారు కాబట్టి "టెంట్ హౌస్ సామాను ఆన్‌లైన్లో బుక్ చేసుకోవడం" అన్నది ఇక రహస్యం కాదు, రేపు ఎవరైనా అదే పెడితే మీరు అభ్యంతరం చెప్పలేరు. అందులో మీకు పెద్ద నష్టం లేదు, ఎందుకంటే ఆ ముక్కను ఎలాగూ ఏ చట్టమూ కాపాడదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఆలోచనకు కాపీరైట్ లేదు, ఆ ఆలోచనను మీరు వ్యక్తం చేసిన తీరుకే ఉంటుంది. మీరు రాసుకున్న డాక్యుమెంటు, గీసిన స్క్రీన్లు, రాయించిన కోడ్, ఇవి కాపీరైట్ కిందికి వస్తాయి. వాటిని చూసి వేరే మాటల్లో, వేరే స్క్రీన్లతో అదే పని చేసే సైట్ కడితే రాదు.

పేటెంట్ సంగతి ఇంకా తొందరగా తేలిపోతుంది. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) వ్యాపార పద్ధతులనూ, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌నూ, ఆల్గారిథమ్‌నూ పక్కన పెట్టేసింది. బుకింగ్ సైట్ అక్కడే ఆగిపోతుంది. పాతిక వేలలో ఒక్క రూపాయి కూడా అటు పెట్టకండి.

అయితే మూడో దారి ఒకటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. నమ్మి చెప్పిన రహస్యాన్ని, చెప్పిన పనికి కాకుండా సొంతానికి వాడుకోవడం. 2003లో జీ టెలిఫిల్మ్స్, సన్‌డయల్ కమ్యూనికేషన్స్ కేసులో బాంబే హైకోర్టు ఒక టీవీ కాన్సెప్ట్ విషయంలో దీన్నే నిలబెట్టింది. దావా వేసినవాళ్ళు చూపాల్సినవి నాలుగు: ఏ సమాచారం అన్నది స్పష్టంగా చెప్పగలగాలి, అది రహస్యంగా ఉంచాలన్న ఎరుకతోనే చేతికిచ్చి ఉండాలి, రహస్యంగా ఉంచదగ్గ సరుకై ఉండాలి, అనుమతి లేకుండా వాడి ఉండాలి లేదా వాడబోతూ ఉండాలి. మీరు పోగుచేసే కాగితాలన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని రుజువు చేసేలా ఉండాలి. దేనికీ పనికిరాని కాగితం బరువు మాత్రమే.

ఇప్పుడు మీ స్పీడ్ పోస్టు కవర్‌ను ఈ నాలుగింటి ముందు పెట్టి చూడండి. మహా అయితే ఫలానా తేదీకి ఆ కాగితం మీ దగ్గర ఉందంటుంది. డెవలపర్‌కి చెప్పారనీ, రహస్యమని చెప్పి ఇచ్చారనీ అది చెప్పదు. పైగా కవర్ అంటించకుండా ఖాళీగా పంపుకుని తర్వాత నింపారంటే మీ దగ్గర సమాధానం ఉండదు. దానికంటే ఎదుటివాళ్ళకు పంపే ఒక్క ఈమెయిల్ మేలు. ఇలా రాయండి:

"నమస్తే. ఫోన్లో అనుకున్నట్టు 'సామాను సర్దుబాటు, వెర్షన్ 3' అనే ఆరు పేజీల పీడీఎఫ్ జత చేస్తున్నాను. ఇది మీరు పని అంచనా వేసి కొటేషన్ ఇవ్వడం కోసమే. ఇందులోని 2 నుంచి 5 పేజీలు రహస్యం. వేరేవాళ్ళకు చూపకూడదు, వేరే పనికి వాడకూడదు. ఈ షరతుకు ఒప్పుకుంటేనే ఫైల్ తెరవండి, ఒప్పుకున్నట్టు ఒక లైన్ తిరుగు మెయిల్ చేయండి."

జవాబు వచ్చాకే పీడీఎఫ్ పాస్‌వర్డ్ పంపండి. ఆ ఒక్క లైన్ జవాబుతో రెండో అంశం తీరిపోతుంది, పేజీ నంబర్లతో మొదటిది తీరుతుంది. ఐటీ చట్టం సెక్షన్ 10ఎ ప్రకారం మెయిల్లో కుదిరిన ఒప్పందం, మెయిల్లో కుదిరిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు.

రుజువు దాచే పద్ధతి కూడా ఇప్పుడే తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, దాని నమూనాలో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్, రాసే చోటుంది. పీడీఎఫ్ పంపిన రోజే షా-256 హ్యాష్ తీసి అదే మెయిల్లో కింద రాసేయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ కమాండ్ చాలు. ఫైల్లో ఒక్క కామా మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది, అందుకే అసలు ఫైల్‌ను మళ్ళీ తెరిచి సేవ్ చేయకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచండి. వాట్సాప్‌లో స్క్రీన్ల బొమ్మలు ఫోటోలుగా పంపితే అది కుదించి పంపుతుంది, హ్యాష్ కలవదు. డాక్యుమెంట్‌గా పంపండి. ఆ చాట్ ఉన్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, సర్టిఫికెట్‌లో పరికరం వివరాలు కూడా అడుగుతారు.

సర్వర్_గది జవాబు:

చట్టం సంగతి పైన వచ్చింది. నా దృష్టిలో ఐడియా ఎత్తుకుపోవడం కంటే ఎక్కువగా జరిగేది వేరు: సైట్ మీదే అనుకుంటారు, కాగితం మీద డెవలపర్‌ది అయ్యుంటుంది.

కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగి రాసిన కోడ్ యజమానిది. ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కాదు. మీరు డబ్బిచ్చినా, రాసిచ్చే దాకా కోడ్‌కి మొదటి హక్కుదారు ఆయనే. రాసిచ్చేటప్పుడు సెక్షన్ 19 చూసుకోవాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరేగా రాసుకోనప్పుడు, ఆ బదిలీయే రద్దయిపోతుంది. సైట్‌ను మెల్లగా కట్టుకునేవాళ్ళకు ఈ చివరిది చాలా ప్రమాదం. కాబట్టి ఒప్పందంలో "కాపీరైట్ ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ, సెక్షన్ 19(4) వర్తించకుండా" అనే మూడు ముక్కలూ ఉండాలి, సంతకం ఆయనది ఉండాలి. "ఆఖరి బిల్లు కట్టాక అంతా బదిలీ" అని మాత్రం ఒప్పుకోకండి. మధ్యలో తగువొస్తే 80 శాతం డబ్బు కట్టి సున్నా హక్కుతో మిగులుతారు. ఏ విడత డబ్బు కడితే ఆ విడత కోడ్ మీది అని రాయండి.

ఇంకో చిక్కు. చాలామంది రెడీమేడ్ బుకింగ్ స్క్రిప్ట్ కొని దాని మీద రంగులు మార్చి ఇస్తారు. అందులో తప్పేం లేదు, చవక కూడా. కానీ తనది కానిదాన్ని ఆయన మీకు రాసివ్వలేడు. బయటినుంచి తెచ్చిన థీములు, స్క్రిప్టులు, లైబ్రరీలు, ఒక్కోదాని లైసెన్స్, ఇవన్నీ ఒక షీటుగా ఒప్పందానికి జత చేయమనండి. కొన్న లైసెన్సులు మీ పేరు మీద, మీ మెయిల్‌తో కొనాలి.

అకౌంట్లు అన్నీ మీరే తెరవండి, పని మొదలుకాకముందే. డొమైన్ (సైట్ పేరు), డీఎన్ఎస్ (ఆ పేరును సర్వర్‌కి కలిపే సెట్టింగులు), సర్వర్, కోడ్ దాచే రిపాజిటరీ, పేమెంట్ గేట్‌వే, మ్యాప్ కీ, ఎస్ఎంఎస్. అన్నింటికీ రెండంచెల లాగిన్ పెట్టి, ఆయన్ని సభ్యుడిగా చేర్చండి, ఓనర్‌గా కాదు. ఎస్ఎంఎస్ దగ్గర మన దేశంలో ఒక మెలిక ఉంది. బుకింగ్ ఓటీపీలు పంపాలంటే డీఎల్‌టీలో (ఎస్ఎంఎస్‌లు పంపే సంస్థలు టెలికాం కంపెనీల దగ్గర నమోదయ్యే వ్యవస్థ) సంస్థ నమోదు, ఆరు అక్షరాల హెడర్ (మెసేజ్ పంపినవారి పేరుగా కనిపించేది), ఒక్కో మెసేజ్ టెంప్లేట్ ఆమోదం కావాలి. తొందర కోసం డెవలపర్ తన సంస్థ డీఎల్‌టీ మీద మీ హెడర్ తీసుకుంటాడు. విడిపోయిన రోజు హెడర్ ఆయనతో పోతుంది, మీ కస్టమర్లకు ఓటీపీ రావడం ఆగిపోతుంది. నమోదు మీ పాన్ మీదే జరగాలి.

ఇక టెస్టింగ్ సైట్. ఎవరికీ లింక్ ఇవ్వలేదు కదా, ఎవరు చూస్తారులే అనుకుంటారు. మీ డొమైన్ ముందు "డెమో" అనో "టెస్ట్" అనో పెట్టి దానికి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (బ్రౌజర్‌లో తాళం గుర్తు వచ్చేలా చేసేది) తీసుకున్న నిమిషంలోనే ఆ పేరు పబ్లిక్ లాగ్‌లోకి ఎక్కుతుంది. దాన్ని సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అంటారు. 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్ ఆ లాగ్‌లో లేకపోతే క్రోమ్ ఒప్పుకోదు కాబట్టి తప్పించుకునే దారి లేదు. సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ సైట్లో మీ డొమైన్ కొట్టి చూడండి, ఎప్పుడు ఏ పేరుకు సర్టిఫికెట్ తీశారో వరసగా కనిపిస్తుంది. బాట్లు ఈ లాగ్‌ను చూస్తూనే ఉంటాయి. పేరు బయటపడకూడదంటే డొమైన్ ముందు ఏ పేరు పెట్టినా పనిచేసే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అది మామూలుగా డీఎన్ఎస్ రికార్డు పెట్టి ధ్రువీకరిస్తే వస్తుంది. పేరు దాచినా దాచకపోయినా మొత్తం టెస్ట్ సైట్ ముందు సర్వర్ స్థాయిలో పాస్‌వర్డ్ పెట్టించండి. సెర్చ్ ఇంజిన్ల కోసం పెట్టే రోబోట్స్ ఫైల్లో "ఈ ఫోల్డర్ చూడొద్దు" అని రాయడం తాళం కాదు. ఆ ఫైల్‌ను ఎవరైనా తెరవచ్చు, అంటే ఏ తలుపు చూడొద్దో మీరే బోర్డు పెట్టినట్టు.

స్క్రీన్ల డిజైన్ లింకులు, డ్రైవ్ ఫైళ్ళు "లింక్ ఉన్న ఎవరైనా" అన్న సెట్టింగ్‌లో ఉంచకండి. మెయిల్ ఐడీ పేరుపేరునా చేర్చండి. ఒక్కొక్కరికి ఇచ్చే పీడీఎఫ్ అట్ట మీద వాళ్ళ పేరు, కాపీ నంబర్ వేయండి. కాపీ 4 ఎక్కడో తేలితే ఎవరి చేతినుంచి జారిందో తెలుస్తుంది.

స్టాంపు_పేపర్ జవాబు:

ఆ పదమూడు పేజీల ఎన్‌డీఏ పక్కన పెట్టండి. నెట్లో దొరికేవాటిలో చాలావరకు అమెరికా నమూనాలే, చివర్లో అక్కడి డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుందని ఉంటుంది. మీకు కావాల్సింది రెండు మూడు పేజీలు. ఎవరికెవరు, ఏ పని కోసం, ఏది రహస్యం (అనుబంధంలో డాక్యుమెంట్ పేరు, వెర్షన్, తేదీ, హ్యాష్), ఎన్నాళ్ళు, పని అయ్యాక కాపీలు చెరిపేయడం, ఆయన కింద పనిచేసేవాళ్ళకూ ఇదే షరతు, తగువొస్తే కరీంనగర్ కోర్టులు. గడువు మూడేళ్ళు పెడితే సమంజసంగా ఉంటుంది. "మేం మాట్లాడిందంతా రహస్యమే" అని రాస్తే బలం అనుకుంటారు కానీ అది బలహీనం. ఏది రహస్యమో మీకే తెలియదని ఎదుటి లాయరు వాదిస్తాడు.

రెండు క్లాజులు మీకు అక్కరకు రావు. ఒకటి, "ఐదేళ్ళ దాకా ఇలాంటి సైట్ ఎవరికీ చేయకూడదు". కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం, పని ముగిశాక కూడా ఒకరి వృత్తిని అడ్డుకునే ఒప్పందం చెల్లదు. రెండు, "ఉల్లంఘిస్తే యాభై లక్షలు". సెక్షన్ 74 కింద కోర్టు ఇచ్చేది సహేతుకమైన పరిహారమే, మీరు రాసిన అంకె దానికి పైహద్దు మాత్రమే. పెద్ద అంకె చూసి మంచి డెవలపర్ సంతకం పెట్టకుండా వెళ్ళిపోతాడు, అంతే జరిగేది.

మామూలుగా 100 రూపాయల నాన్ జ్యుడీషియల్ స్టాంపు మీద రాసుకుంటారు. వెండర్ దగ్గర కొనేటప్పుడు "ఎవరి పేరున" అన్న గడిలో మీ పేరు గానీ డెవలపర్ పేరు గానీ ఉండాలి, కొనుక్కొచ్చిన తమ్ముడి పేరు కాదు. కొన్న తేదీ సంతకం తేదీ కంటే తర్వాత ఉండకూడదు. ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు, చివర ఇద్దరు సాక్షులు. ఆధార్‌లో ఉన్న పేరు, తండ్రి పేరు, చిరునామా రాయండి. వాట్సాప్ పేరుతో ఒప్పందం రాసుకుంటే నోటీసు ఎక్కడికి పంపుతారు? నోటరీ తప్పనిసరి కాదు. స్టాంపు లేకుండా రాసుకున్న కాగితం చెల్లకుండా పోదు కానీ, స్టాంపు చట్టం సెక్షన్ 35 వల్ల లోటు సుంకం, జరిమానా కట్టేదాకా సాక్ష్యంగా తీసుకోరు.

పేరు గురించి మీరు అడగలేదు, కానీ మీ బడ్జెట్లో పెద్ద భాగం అక్కడ పెట్టాలి. ఆలోచనను కట్టేయలేరు, పేరును కట్టేయొచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, టీఎం-ఏ ఫారం, ఆన్‌లైన్లో ఒక్కో క్లాసుకు (సరుకుల, సేవల విభాగానికి) 4,500 రూపాయలు. టెంట్ హౌస్‌లకు, కస్టమర్లకు మధ్య వేదిక కాబట్టి మీకు 35వ క్లాసు ముఖ్యం. టెంట్లు, కుర్చీలు, బల్లలు అద్దెకివ్వడం 43 కిందికి వస్తుంది, మీ పేరు మీద మీరే అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే అదీ వేయండి. రెండూ కలిపి 9,000. ఇంకా మొదలుపెట్టకపోయినా "వాడబోతున్నాం" అని దరఖాస్తు చేయొచ్చు.

"టెంట్ హౌస్ బుకింగ్" లాంటి పేరు పెట్టకండి. చేసే పనినే చెప్పే పేరు ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 అభ్యంతరానికి నేరుగా దొరుకుతుంది. ట్రేడ్‌మార్క్ ఆఫీసు వారి ఐపీ ఇండియా సైట్లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్షరాలతోనే కాక, పలికే తీరును బట్టి వెతికే ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి, తెలుగు మాటను ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి అక్షరాల సెర్చ్‌లో తప్పిపోతాయి. వరస ముఖ్యం: ముందు సెర్చ్, అదే పూట డొమైన్ కొనడం, అదే రోజు దరఖాస్తు. దరఖాస్తు వేయగానే అది పబ్లిక్ రికార్డులో కనిపిస్తుంది, డొమైన్ తర్వాత కొందామనుకుంటే వేరేవాళ్ళు కొనేసి ఉండొచ్చు. దరఖాస్తులో సేవల వివరణ కూడా అందరికీ కనిపిస్తుంది, మీ సర్దుబాటు పద్ధతిని అక్కడ వర్ణించకండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ సాహిత్య రచన కింద 500 రూపాయలు, కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా అందులోదే. డైరీ నంబర్ (దరఖాస్తు నంబర్) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. కోడ్‌కి చేయించాలంటే మొదటి 10, చివరి 10 పేజీలు ఇవ్వాలి, 2021 సవరణ తర్వాత అందులో ఏదీ నల్లగా కొట్టేసి దాచడానికి లేదు. కాబట్టి సర్దుబాటు లెక్క ఉన్న ఫైల్ ఆ ఇరవై పేజీల్లో పడకుండా చూసుకోండి.

కరీంనగర్_వాసి:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఈరోజు డెవలపర్‌తో ఫోన్లో మాట్లాడాను. ఐడియా వినకుండా ఎన్‌డీఏ మీద సంతకం పెట్టనంటున్నాడు. డొమైన్ తన అకౌంట్లోనే ఇప్పుడే కొనేస్తానని, తర్వాత మార్చుకుందామని అన్నాడు. డబ్బు పెట్టే ఆయన కూడా ఎన్‌డీఏలు నాకు అలవాటు లేదన్నారు. టెంట్ హౌస్ వాళ్ళకి కూడా సంతకాలు అడగాలా?

చట్టం_మాట:

డెవలపర్ మాటలో తప్పులేదు. రేపు ఆయన ఇంకెవరికో బుకింగ్ సైట్ చేస్తే మీరు అడ్డుపడతారని భయం. రెండు అంచెలుగా చెప్పండి. మొదటిది ఒక్క పేజీ, రహస్యం లేకుండా: మూడు రకాల యూజర్లు, సుమారు 18 స్క్రీన్లు, తెలుగు, ఇంగ్లిష్, తేదీల వారీగా స్టాకు, పేమెంట్, ఎస్ఎంఎస్. కొటేషన్ ఇవ్వడానికి ఇది చాలు. రేటు కుదిరి, పని ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే ఎన్‌డీఏ కూడా పెట్టించి, అప్పుడు సర్దుబాటు పద్ధతి ఇవ్వండి. ఆయనకు ముందే తెలిసినవి, అందరికీ తెలిసినవి రహస్యం కిందికి రావని ఒక లైన్ రాస్తే ఆయన భయమూ తీరుతుంది.

పెట్టుబడి పెట్టేవాళ్ళు మొదటి మీటింగ్‌కి ఎన్‌డీఏ మీద సంతకం చేయకపోవడం మామూలే. రోజూ ఒకేరకం ఐడియాలు నాలుగు వింటారు. ఆయనకు సైట్ ఏం చేస్తుందో చెప్పండి, ఎలా చేస్తుందో చెప్పకండి. "ముహూర్తం రోజున సామాను లేదనే మాట తగ్గిస్తాం" అనడం వరకు సరే. లెక్క అడిగితే, వివరాల పరిశీలన దశలో ఒప్పందంతో చూపిస్తానని చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. మీటింగ్ అయిన సాయంత్రమే ఏం మాట్లాడారో, ఏ పీడీఎఫ్ చూపారో నాలుగు లైన్ల మెయిల్ పంపడం మరచిపోవద్దు.

టెంట్ హౌస్ ఓనర్ల దగ్గర కాగితం తీయకండి. తీస్తే మాట ఆగిపోతుంది. వాళ్ళకు మీరు చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ ఉండాలి: గుండిగలు ఏ సైజువి ఎన్ని, సీజన్లో ఎన్ని పార్టీలను తిప్పి పంపుతారు, అడ్వాన్స్ ఎంత, సొట్టపడ్డ సామానుకు డబ్బు ఎలా కోస్తారు, పక్క ఊరి టెంట్ హౌస్ దగ్గర అప్పు తెచ్చుకుంటే ఏ లెక్కన ఇస్తారు. ఆ చివరి ప్రశ్నకు పదిమంది చెప్పే జవాబులు చేతిలో ఉన్న మనిషి మీరొక్కరే అవుతారు, అది ఏ ఎన్‌డీఏ కంటే గట్టిది.

సర్వర్_గది:

డొమైన్ మాత్రం ఈ రాత్రికే మీరు కొనండి, ఆయన కొనేదాకా ఆగొద్దు. ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టూ అవుతుంది. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) అన్న చోట మీ పేరు, మీరు ఎప్పటికీ వదలని మెయిల్, ఫోన్ నంబర్ ఇవ్వండి. ఆ మెయిల్ అదే డొమైన్ మీద ఉన్నది కాకూడదు, డొమైన్ ఆగిపోతే మెయిలూ ఆగిపోతుంది, రెన్యువల్ నోటీసు కూడా రాదు. ట్రాన్స్‌ఫర్ లాక్, ఆటో రెన్యువల్ రెండూ ఆన్ చేయండి. డెవలపర్‌కి లాగిన్ ఇవ్వక్కర్లేదు, నేమ్ సర్వర్లు (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగ్) ఆయన చెప్పినవి మీరే మారిస్తే ఆయన పని నడుస్తుంది.

ఆయన ఇప్పటికే కొనేసి ఉంటే, తర్వాత మార్చుకుందాం అన్న మాటకు లోబడకండి. కొత్తగా కొన్న డాట్‌కామ్‌ను మొదటి 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మే కంపెనీకి) మార్చడం మామూలుగా కుదరదు. కానీ అదే రిజిస్ట్రార్ దగ్గర మీరూ ఒక అకౌంట్ తెరిస్తే, చాలాచోట్ల అకౌంట్ నుంచి అకౌంట్‌కి వెంటనే తోసేయొచ్చు. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ పని చేయించుకోండి. తర్వాత మీ అకౌంట్లో రిజిస్ట్రెంట్‌గా మీ పేరు ఉందో లేదో చూసుకుని, అప్పుడు మొదటి విడత వేయండి.